క్విజ్ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

మన నిబంధనల ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి ఏడాది పనుల గురించి చెప్పాలి. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా జరిగినవి ఇక్కడ రాస్తున్నాను. మన సంఘం దేనికి పుట్టిందో మీ అందరికీ తెలుసు కాబట్టి అది మళ్ళీ రాయడం లేదు.

ముందుగా నెలవారీ క్విజ్‌లు. ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం పది గంటలకి, ఎప్పటిలాగే గ్రంథాలయం మేడ మీది హాల్లో. పన్నెండుకి పది జరిగాయి. మేలో రెండో ఆదివారం అంటే 12వ తేదీ, మర్నాడే పోలింగు. మనలో సగం మంది ఉపాధ్యాయులే, అందరూ ఎన్నికల డ్యూటీల్లో ఉన్నారు. జనవరి 12 భోగికి ముందురోజు పడింది, ఊళ్ళో ఎవరూ లేరు. మిగతా పదీ వానొచ్చినా ఎండొచ్చినా ఆగలేదు.

ఏప్రిల్ క్విజ్ కందుకూరి వీరేశలింగం గారి జయంతికి రెండు రోజుల ముందు వచ్చింది కాబట్టి పూర్తిగా రాజమండ్రి చరిత్ర మీదే పెట్టాం. 1881 డిసెంబరు 11న ఆయన తొలి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్ళోనే అని అందరికీ తెలుసు గానీ, తేదీ అడిగేసరికి హాలంతా నిశ్శబ్దం. గోదావరి వంతెనల రౌండ్ మాత్రం బాగా పండింది. 1900లో మొదలై 1997లో రైళ్ళు ఆగిపోయిన హేవ్‌లాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన, ఆ తర్వాత ఆర్చ్ వంతెన. రోజూ చూసే వంతెనలే, అయినా ఏది ముందో ఏది వెనకో చెప్పడానికి నాలుగు జట్లు తడబడ్డాయి.

ఫిబ్రవరి క్విజ్ గురించి కొంచెం ఎక్కువ రాయాలనిపిస్తోంది. చిత్రకారుడు దామెర్ల రామారావు గారు కన్నుమూసింది 1925 ఫిబ్రవరి 6న. అంటే ఈ ఏడాదికి సరిగ్గా వందేళ్ళు. 28 ఏళ్ళు నిండకుండానే మశూచితో పోయారు. ఆయన చిత్రాలున్న ఆర్ట్ గ్యాలరీ మన ఊళ్ళోనే ఉంది. ఆ దారిన వెళ్ళేవాళ్ళు ఎందరో, లోపలికి వెళ్ళేవాళ్ళు ఎందరో నేను చెప్పక్కర్లేదు. విజువల్ రౌండ్‌లో చిత్రంలో ఒక్క మూల మాత్రమే చూపించి, పేరు అడిగాం. 'సిద్ధార్థ రాగోదయం' అని ఒక డిగ్రీ విద్యార్థి చెప్పగానే హాలంతా చప్పట్లు. రామారావు గారినీ, అడివి బాపిరాజు గారినీ ప్రోత్సహించిన ఇక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ ఎవరు అన్న ప్రశ్నకి, కూల్డ్రే దొర అని చెప్పింది మన సభ్యుల్లో పెద్దాయన, 81 ఏళ్ళ వయసులో. ఆ రోజు క్విజ్ అయ్యాక పదకొండు మందిమి కలిసి గ్యాలరీకి నడుచుకుంటూ వెళ్ళాం. ఈ ఏడాది నాకు బాగా తృప్తి కలిగించిన రోజుల్లో అదొకటి.

ఇక పాఠశాలల క్విజ్. గిడుగు రామమూర్తి గారి జయంతి ఆగస్టు 29 కదా, తెలుగు భాషా దినోత్సవం. దాన్ని ఆనుకుని సెప్టెంబరు 1 ఆదివారం పెట్టాలనుకున్నాం. కరపత్రాలు పంచేశాం, షీల్డులు తెచ్చేశాం. సరిగ్గా ఆ రోజూ, ముందురోజూ కుండపోత వాన. విజయవాడలో బుడమేరు పొంగి ఇళ్ళు మునిగాయి. మన సభ్యుల బంధువులు ఎందరో అక్కడున్నారు. వెంటనే వాయిదా వేశాం. భోజనాలకని తీసిపెట్టిన డబ్బులో కొంత బియ్యం, దుప్పట్లు కొని పంపాం. దానికి అనుమతి అడగడానికి సమయం లేక అధ్యక్షులు, కోశాధికారి గార్లతో ఫోన్లో మాట్లాడి చేశాను. సభ్యులు ఆమోదించాలని కోరుతున్నాను.

చివరికి సెప్టెంబరు 22న జరిగింది. 38 పాఠశాలల నుంచి 76 జట్లు, ఒక్కో జట్టులో ఇద్దరు. మన చరిత్రలో ఇంతమంది ఎప్పుడూ రాలేదు. ప్రిలిమ్స్‌లో 30 ప్రశ్నల పేపరు. స్కోరు సమానమైతే తేల్చడానికి అయిదు స్టార్ ప్రశ్నలు. మూడు గంటలకల్లా ఆరు జట్లు వేదిక మీదకొచ్చాయి.

ఫైనల్స్ నాలుగో రౌండ్‌లో జరిగింది అందరికీ తెలియాలి, ఎందుకంటే ఆ రోజు లేనివాళ్ళు చిలవలు పలవలుగా విన్నారు. ప్రశ్న ఇది: మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ఏ సంవత్సరంలో విడుదలైంది? ఒక మున్సిపల్ హైస్కూల్ అమ్మాయి, తొమ్మిదో తరగతి, బజర్ నొక్కి '1932' అంది. క్విజ్ మాస్టర్ గారి చేతిలో ఉన్న కార్డులో 1931 అని ఉంది. 'తప్పు' అన్నారు, ప్రశ్న పక్క జట్టుకి వెళ్ళింది, వాళ్ళు 1931 అన్నారు, పది మార్కులు పడ్డాయి.

ఆ అమ్మాయి కూర్చోలేదు. మైకు దగ్గరకొచ్చి, 'సార్, సెన్సార్ సర్టిఫికెట్ 1932 జనవరిలో ఇచ్చారని మా తెలుగు మాస్టారు చెప్పారు. సెన్సార్ కాకముందే సినిమా ఎలా విడుదలవుతుందండీ?' అని అడిగింది. గొంతు వణుకుతోంది గానీ మాట స్పష్టంగా ఉంది.

హాల్లో గోల మొదలైంది. కొన్ని పాఠశాలల టీచర్లు లేచి నిలబడ్డారు. క్విజ్ మాస్టర్ గారు ఆట ఆపేశారు. మన పెద్దాయన వేదిక ఎక్కి, పాత పుస్తకాలన్నిటిలో 1931 సెప్టెంబరు 15 అని ఉండేదనీ, తర్వాత సినిమా చరిత్రకారులు ఆధారాలు వెతికి 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారనీ వివరించారు. తీసింది హెచ్.ఎం.రెడ్డి గారే. 1931 అక్టోబరు 31న వచ్చిన 'కాళిదాస్' కూడా ఆయనదే, అందులో తమిళం, తెలుగు కలగలిసి ఉన్నాయి. 1931లో వచ్చింది ఏది, 1932లో వచ్చింది ఏది అన్నది గందరగోళం కావడానికి కారణం ఉంది అని సభకి చెప్పారు. 'ప్రహ్లాద'లో లీలావతిగా సురభి కమలాబాయి నటించిన సంగతి కూడా ఆ పిల్లలకి అప్పుడే తెలిసింది.

క్విజ్ మాస్టర్ గారు అందరూ చూస్తుండగానే ఎర్ర పెన్నుతో కార్డు మీద 1931 కొట్టేసి 1932 అని రాశారు. పక్క జట్టుకి ఇచ్చిన పది మార్కులు తీసేసి ఆ అమ్మాయి జట్టుకి ఇచ్చారు. ఆ జట్టు చివరికి రెండో స్థానంలో నిలిచింది. కార్డు నా దగ్గరే ఉంది, మన ఫైల్లో పెట్టాను.

ఆ తప్పు మనది. ప్రశ్నల కమిటీ ఒక పాత గైడ్ పుస్తకం నుంచి ప్రశ్న ఎత్తిరాసింది, సరిచూడలేదు. మిగతావి ఎలా ఉన్నాయోనని తర్వాత నెల రోజులు మన ప్రశ్నల బ్యాంకు అంతా తిరగేశాను. 'ఆంధ్రప్రదేశ్ తొలి రాజధాని' అన్న ప్రశ్నకి కర్నూలు అని ఉంది. కర్నూలు 1953 అక్టోబరు 1న ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డప్పుడు రాజధాని హైదరాబాదు. తొలి ముఖ్యమంత్రి ప్రశ్న కూడా అంతే: ప్రకాశం పంతులు గారా, నీలం సంజీవరెడ్డి గారా అన్నది మనం ఏ రాష్ట్రం అని అడిగామన్న దాని మీద ఆధారపడుతుంది. జిల్లాల సంఖ్య ప్రశ్నకి ఇంకా 13 అనే ఉంది, 2022 ఏప్రిల్ 4న అవి 26 అయినా. తెలంగాణ ప్రశ్నకి 10 అని ఉంది, 2016లోనే 31 అయ్యి, 2019లో 33 అయ్యాయి.

అందుకని కార్యవర్గం ఒక నిర్ణయం తీసుకుంది. ఇకపై ఏ ప్రశ్న అయినా రెండు ఆధారాలు రాసిన కాగితంతోనే బ్యాంకులోకి వస్తుంది. మారే సంఖ్యలున్న ప్రశ్నకి పక్కన తేదీ ఉండాలి. ఇది అక్కర్లేని చాదస్తం అని కొందరు సభ్యులు అన్నారు. నేను ఒప్పుకోను. పిల్లలు మన మాట నమ్మి పోటీ పరీక్షల్లో అదే రాస్తారు.

ఇంకొన్ని మాటలు చెప్పకుండా ఉండలేను. సెప్టెంబరు 22న ఉదయం ఏడింటికి హాలుకి రావలసినవాళ్ళు పదకొండు మంది. వచ్చింది ముగ్గురం. 76 జట్లకి బల్లలు వేయడం, నంబర్లు అంటించడం, మంచినీళ్ళ క్యాన్లు మేడమీదకి మోయడం ముగ్గురు చేసే పని కాదు. మిగతావాళ్ళు ఫోటోల సమయానికి వచ్చారు. ముఖ్య అతిథిగా వస్తానని మాటిచ్చిన అధికారి కోసం పిల్లలు గంటన్నర కూర్చున్నారు. చివరికి ఫోన్ కూడా రాలేదు. హాలు అనుమతి కాగితం కోసం ఒక ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాను, ప్రతిసారీ సంతకం పెట్టాల్సినవారు మీటింగులో ఉన్నారు. వచ్చే ఏడాది అతిథి లేకుండానే మొదలుపెడదామని నా సూచన.

జమాఖర్చుల లెక్క కోశాధికారి గారు విడిగా చదువుతారు. స్థూలంగా చెప్పాలంటే సభ్యత్వ రుసుములు, విరాళాలు ఖర్చుకి సరిపోయాయి, పెద్దగా మిగిలిందేమీ లేదు. 300 రూపాయల రుసుము ఇంకా కట్టనివారు ఈ రోజే కట్టండి.

కృతజ్ఞతలు. ఆదివారాలు కూడా తాళం తీసి, ఫ్యాన్లు వేసి, మేం వెళ్ళేదాకా కూర్చున్న గ్రంథాలయ సిబ్బందికి. బజర్ పెట్టె తయారుచేసి ఇచ్చిన మన ఎలక్ట్రీషియన్ సభ్యుడికి: ఆరు కాలింగ్ బెల్ బటన్లు, ఆరు రంగుల బల్బులు, ముందు నొక్కినవాళ్ళ బల్బు మాత్రమే వెలిగేలా కట్టిన వైరింగు. ప్రిలిమ్స్ పేపర్లు కాగితం ఖరీదుకే అచ్చువేసిన ప్రెస్ వారికి. షీల్డుల దాతకి, ఆయన పేరు వద్దన్నారు. మైకు సెట్ కుర్రాళ్ళకి. రోజంతా టీ, బిస్కెట్లు అందించి సగం డబ్బులే తీసుకున్న గ్రంథాలయం ఎదుటి టీ కొట్టు బాబాయికి. ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని సీతానగరం నుంచి, కోరుకొండ నుంచి బస్సుల్లో వచ్చిన టీచర్లందరికీ. ప్రత్యేకంగా, తొమ్మిదో తరగతి పిల్లకి సెన్సార్ తేదీ చెప్పిన ఆ తెలుగు మాస్టారికి. ఆయన ఆ రోజు రాలేదు. కార్యవర్గం తరఫున నేనే బడికి వెళ్ళి కలిశాను. మన సంఘంలో చేరమని అడిగాను, చేరారు. ప్రశ్నల కమిటీలో ఆయన పేరు ప్రతిపాదిస్తున్నాను.

వచ్చే నెల క్విజ్ భూగోళం మీద, గోదావరి త్ర్యంబకం నుంచి సముద్రం దాకా. ఒక్కొక్కరు అయిదు ప్రశ్నలు తేవాలి, ఆధారాలు రాసిన కాగితంతో.

ఇట్లు,
కార్యదర్శి