ఇప్పచెట్టు కింద నిప్పు వద్దు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం ఎండ ముదరకముందే పిల్లలతో కలిసి సైకిళ్ల మీద 'గ్లోరీ ఆఫ్ అల్లాపల్లి' టేకు అడవికి వెళ్లాం. 2014లో మహారాష్ట్ర తొలి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చోటు అది. ఎంత పెద్ద మానులు! మా చిన్నది ఒకదాన్ని కావలించుకుని రానంది.

కానీ దారి పొడవునా కాలిన ఎండుటాకుల నల్లమచ్చలే. నేల మీద రాలిన ఇప్పపువ్వు సులువుగా ఏరుకోవడానికి, బీడీలు చుట్టే తునికి ఆకు చిగురు బాగా రావడానికి నిప్పు పెడతారు. అది పేదల కూడు, వాళ్లను తప్పుపట్టను. కానీ నిప్పు లేకుండా చెట్టు కింద వల కట్టినా పువ్వు దొరుకుతుంది, తునికి పొదలు నరికినా మళ్లీ చిగురిస్తాయి. అటవీశాఖ వేసవికి ముందే ఊరూరా వలలు పంచాలి. హెచ్చరిక బోర్డులు మరాఠీతో పాటు తెలుగులో, గోండీలో కూడా పెట్టాలి.

– ఒక పాఠకుడు, అహేరి, గడ్చిరోలి జిల్లా