జిల్లా పశుసంవర్ధక శాఖ అధికారి గారికి: మా పిల్లి ప్రయాణం గురించి

అయ్యా, నమస్కారం.

మా చిట్టి ఆరేళ్ల క్రితం వానలో తడుస్తూ శ్రీకాకుళంలోని మా ఇంటి అరుగెక్కింది. మళ్లీ దిగలేదు. ఇప్పుడు ఉద్యోగరీత్యా జర్మనీ వెళ్తున్నాం. దాన్ని వదిలి వెళ్లే ఆలోచన మాకు లేదు.

ఐరోపా సమాఖ్య నియమాల్లో వరుసే ప్రాణం. ముందు చర్మం కింద 15 అంకెల గుర్తింపు సంఖ్య ఉన్న మైక్రోచిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా. టీకా వేసి కనీసం 30 రోజులు గడిచాక రక్తం తీసి, టీకా పనిచేసిందో లేదో చూసే పరీక్షకు గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపాలి. రక్తం తీసిన నాటి నుంచి 3 నెలలు ఆగాకే ప్రయాణం. ఒక వైద్యశాలలో చిట్టికి టీకా ముందు వేసి, బియ్యపుగింజంత చిప్ తర్వాత పెట్టారు. ఆ టీకా లెక్కలోకి రాదని తెలిసిన రాత్రి నా భార్య కార్డు మీది తేదీలను వేలితో మళ్లీ మళ్లీ లెక్కపెట్టింది. ఆ వైద్యుణ్ని నేను తప్పుపట్టను. పొద్దుటి నుంచి ఆవులతో, మేకలతో తీరిక లేని మనిషి. ఆయన ఎదుట ఈ వరుస రాసిన కాగితం లేదు.

ఆ కాగితమే మిమ్మల్ని అడుగుతున్నాను. ప్రతి పశువైద్యశాల గోడ మీద తెలుగులో ఒక్క పుట అంటించండి. టీకా కార్డులో చిప్ సంఖ్యకూ, టీకా బ్యాచ్ సంఖ్యకూ గడులు వేయించండి. చిప్ చదివే పరికరం జిల్లా కేంద్రంలో అందరికీ అందేలా చూడండి. ఎగుమతి ధ్రువపత్రం కోసం ఆమదాలవలసలో రైలెక్కి హైదరాబాద్ జంతు క్వారంటైన్ కార్యాలయానికి వెళ్లేవారు కాగితాలు సరిగ్గా ఉన్నాయన్న ధైర్యంతో బయలుదేరాలి.

చిట్టి ప్రయాణపు బుట్టకు అలవాటు పడుతోంది. తలుపు తీసి ఉంచితే నా పాత లుంగీ మీద పడుకుంటోంది. టీకా మళ్లీ వేయించాం; రక్తపరీక్షకు ఇంకా 12 రోజులుంది.

ఇట్లు,
శ్రీకాకుళం వాసి