పాత ఫ్లై దుకాణాలు, నది గైడ్లు: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా పంపుతున్నారు కాబట్టి వాటి జోలికి నేను వెళ్లను. గత సర్వసభ్య సమావేశంలో మీరు ఆమోదించిన ప్రకారం ఈ ఏడాది పనంతా ఒక్క విషయం చుట్టూనే తిరిగింది. న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల్లో ట్రౌట్ అనే చల్లనీటి చేప వేటను బతికించిన పాత దుకాణాల గురించి, నది గైడ్ల గురించి అక్కడి పెద్దల నోట విని రాసిపెట్టుకోవడం ఆ పని. మనలో చాలామందికి గాలం పట్టడం గోదావరి కాలవల మీదో, ఊరి చెరువు గట్టునో అబ్బింది. వానపామును గుచ్చి బెండు మునిగేదాకా కూర్చోవడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఫ్లై అని పిలిచే, ఈకలూ దారమూ చుట్టిన ఉత్తుత్తి పురుగును నీటి మీద నిజం పురుగులా వాలేట్టు విసరడం మాత్రం న్యూజెర్సీకి వచ్చాకే నేర్చుకున్నాం, అదీ ఈ దుకాణాల వాళ్ల దగ్గరే.

చలికాలం సమావేశంలో న్యూయార్క్ నగరపు పాత దుకాణాల గురించి మాట్లాడుకున్నాం. ఆబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ అనగానే మన పిల్లలకు చొక్కాలూ జీన్సు ప్యాంట్లూ గుర్తుకొస్తాయి. 1892లో మొదలైనప్పుడు అది వేటగాళ్లకు, కొండలెక్కేవాళ్లకు సామాను అమ్మే కొట్టు. 1917 నుంచి మాడిసన్ అవెన్యూలో పన్నెండు అంతస్తుల భవనంలో నడిచింది. దాని డాబా మీద నీళ్ల తొట్టి కట్టించి, గాలం కర్ర కొనబోయేవాళ్లు అక్కడే విసిరి చూసుకునే ఏర్పాటు చేశారు. 1976లో దివాలా తీసింది, మరుసటి ఏడు ఆ కొట్టు మూతపడింది. పేరును ఎవరో కొనుక్కున్నారు, చొక్కాలు ఆ తర్వాతి కథ. క్రైస్లర్ భవనంలో జిమ్ డెరెన్ నడిపిన ఆంగ్లర్స్ రూస్ట్ అనే గాలం సామాను కొట్టు ముచ్చట్లు కూడా ఆ రోజు వచ్చాయి. కాలేజీ చదివే కుర్రవాళ్లు ఇదంతా నోరు తెరుచుకుని విన్నారు. మామూలుగా మన సమావేశాల్లో వాళ్లు ఫోను నుంచి తల ఎత్తరు.

వసంతంలో బస్సు కట్టించుకుని క్యాట్‌స్కిల్ కొండల్లోని రాస్కో, లివింగ్‌స్టన్ మేనర్ ఊళ్లకు వెళ్లాం. ఈ ఏటి కార్యక్రమాలన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే కాబట్టి కాస్త సాగదీస్తాను, ఓర్చుకోండి.

వాల్ట్, విన్నీ డెట్ దంపతులు 1928లో రాస్కోలో ఫ్లైలు కట్టడం మొదలుపెట్టారు. అప్పటికి ఆ చుట్టుపక్కల పేరున్న పనివాడు రూబ్ క్రాస్. పని నేర్పమని వాల్ట్ యాభై డాలర్లు ఇవ్వబోతే ఆయన ససేమిరా అన్నాడట. వాళ్లేమీ చిన్నబుచ్చుకోలేదు. క్రాస్ కట్టిన ఫ్లైలనే కొనుక్కొచ్చి, చుట్టు తర్వాత చుట్టు విప్పుతూ, ఏది దేని తర్వాత వచ్చిందో రాసుకున్నారు. అలా విప్పి నేర్చుకున్నవాళ్లలో హ్యారీ డార్బీ కూడా ఉన్నాడు. తర్వాత డెట్‌లు ఒకవైపు, హ్యారీ, ఎల్సీ డార్బీలు ఒకవైపు ఆ లోయకు పేరు తెచ్చారు. రెండు దుకాణాలూ సొంత ఇళ్లలోనే నడిచాయి. ఫ్లైలు కొనడానికి వెళ్లినవాడు ఆ ఇంటి కబుర్లు కూడా విని వచ్చేవాడు. ఏ మలుపులో నీళ్లు ఎంత లోతున్నాయో, నిన్న సాయంత్రం ఏ పురుగు లేచిందో పైసా పుచ్చుకోకుండా చెప్పేవారట. డెట్ దుకాణం ఇప్పుడు లివింగ్‌స్టన్ మేనర్‌లో ఉంది, వాళ్ల మునిమనవడు నడుపుతున్నాడు.

అక్కడ మన కళ్లముందే క్విల్ గోర్డన్ అనే ఫ్లై ఒకటి కట్టి చూపించారు. 1915లో చనిపోయిన థియోడోర్ గోర్డన్ తయారు చేసిన నమూనా అది. ఇంగ్లండు వాగుల కోసం పుట్టిన తేలే ఫ్లైలను అమెరికా వాగుల ఉరవడికి తగ్గట్టు మార్చుకున్నవాడు ఆయనే. చిటికెన వేలి గోరంత కొక్కెం. దానికి తోకగా పుంజు మెడ ఈక నుంచి తీసిన నాలుగు పోచలు, రెక్కలుగా వుడ్ డక్ అనే బాతు పక్క ఈక. ఒంటికి మాత్రం నెమలికన్ను దగ్గరి పోచ. దాని మీది నూగును గోటితో గీకేస్తే, ఒక అంచు నల్లగా ఒక అంచు తెల్లగా సన్నటి ఈనె మిగులుతుంది. దాన్ని కొక్కేనికి చుట్టేసరికి పురుగు పొట్ట మీద ఉండే చారలు అచ్చంగా దిగిపోయాయి. ఊరి నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసు నిండా నెమలి ఈకలు పట్టుకొస్తామని ఆ క్షణాన ఉత్సాహపడ్డ సభ్యులకు ఒక మనవి: భారతదేశం నుంచి వాటి ఎగుమతి నిషిద్ధం. దయచేసి సంఘాన్ని చిక్కుల్లో పెట్టకండి.

పుంజుల ఈకల దగ్గర మన భీమవరం సభ్యులు విజృంభించారు. గోడకు వేలాడుతున్న మెడతోళ్లను చూసి ఇది డేగ, అది కాకి, ఇది మైల అని పందెం కోళ్ల రంగుల పేర్లతో గుర్తుపడుతూ పోతుంటే కొట్టువాళ్లు పని ఆపి విన్నారు. బూడిద రంగులో నీలి ఛాయ ఉన్న ఈక కోసం హ్యారీ డార్బీ ఏళ్ల తరబడి కోళ్లు పెంచి జతకట్టించాడు. గుడ్లు అడిగినవాళ్లకు ఇచ్చేవాడు. మిన్నెసోటాలో ఆండీ మైనర్ అలా తీసుకెళ్లిన గుడ్ల నుంచి దిగిన సంతతే ఇవాళ దుకాణాల్లో ఖరీదు పలికే ఈకల్లో చాలావాటికి మూలం. పుంజును బరిలో దించడానికి కాక మెడ ఈక కోసం ఇంత శ్రద్ధగా పెంచినవాళ్లూ ఉన్నారని మనవాళ్లు ఆశ్చర్యపోయారు.

ఇక గైడ్లు. వేసవిలో డెలావేర్ నది పడమటి పాయ మీద పడవలెక్కాం. నడుపుతున్నది పాతకాలపు గైడు ఒకాయన. ఆయన వివరించిన సంగతి నన్ను ఇప్పటికీ వదల్లేదు. న్యూయార్క్ నగరానికి తాగునీటి కోసం ఈ కొండల్లో జలాశయాలు కట్టారు. 1955లో వాడుకలోకి వచ్చిన పెపాక్టన్ జలాశయం కింద అరీనా, పెపాక్టన్, షేవర్‌టౌన్, యూనియన్ గ్రోవ్ అనే ఊళ్లు మునిగిపోయాయి, 974 మంది ఇళ్లు వదిలి వెళ్లారు. 1964లో కానన్స్‌విల్ జలాశయం వచ్చింది. శ్రీశైలం నిర్వాసితుల గోడు తెలిసిన మనకు ఇందులో కొత్తేమీ లేదు. అయితే ఆనకట్ట అడుగు నుంచి వదిలే నీరు మండువేసవిలో కూడా చల్లగా ఉంటుంది. ట్రౌట్‌కు కావలసింది అదే. ఒకప్పుడు వేసవి వస్తే వేడెక్కిపోయే నది ఇప్పుడు ట్రౌట్ నది అయింది, దాని మీద పడవ గైడ్ల వృత్తి పుట్టింది. ఊళ్లను ముంచిన నీళ్లే తనకు అన్నం పెట్టాయని ఆయన దాచుకోకుండా అన్నాడు. సంఘం రికార్డు చేసిన మాటలన్నిటిలో నేను మొదట భద్రపరిచేది అదే.

వేటకు ముందు ఆయన ఫ్లైల పెట్టె తెరవలేదు. వంతెన కింద సాలెగూళ్లు చూశాడు. రాత్రి ఏ పురుగు లేచిందో వాటిలో చిక్కుకుని ఉంటుంది. తర్వాత నీళ్లలో రాయి తిప్పి చూశాడు, ఉష్ణమాపకం ముంచాడు. నీటి వేడి ఇరవై డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ రోజుకు ట్రౌట్ జోలికి పోరు, పట్టి వదిలినా అది కోలుకోదు. పడవలో ఆయన ముందుకు తెడ్డు వేయలేదు, ప్రవాహానికి ఎదురుగా వెనక్కి లాగుతూ పడవ వేగాన్ని నీటి వేగం కన్నా తగ్గించాడు. ముందొకరు, వెనకొకరు విసురుకోవడానికి అప్పుడు తీరిక దొరుకుతుంది.

పట్టిన చేపను వదిలేయడం మీద సంఘంలో ఈ ఏడూ వాదన జరిగింది. పులుసు పెట్టుకోని వేట వేటా అని పెద్దలు కొందరు నిలదీశారు. అనుమతి ఉన్న చోట, అనుమతి ఉన్న లెక్కలో తెచ్చుకుంటే సంఘానికి అభ్యంతరం లేదు, వదలాల్సిన పాయల్లో మాత్రం వదలాల్సిందే అని తీర్మానించాం. భోజనాల్లో వడ్డించింది కొట్టులో కొన్న చేప అని మనవి.

ఒక ఫిర్యాదు కూడా నమోదు చేస్తున్నాను. దుకాణంలో గంటసేపు నిలబడి, కర్రలు చేతబట్టి చూసి, ఏ నీటికి ఏ ఫ్లై సరిపోతుందో అడిగి తెలుసుకుని, బస్సెక్కగానే ఫోనులో నాలుగు డాలర్లు తక్కువకు కొన్న సభ్యులున్నారు. పేర్లు చెప్పను. ఆ కొట్టువాడు అద్దె కట్టేది మన ప్రశ్నలతో కాదు. ఇకపై సంఘం యాత్రల్లో ప్రతి కుటుంబమూ కనీసం ఆరు ఫ్లైలు అక్కడే కొనాలని కార్యవర్గం నిర్ణయించింది.

వచ్చే ఏడాది ఏప్రిల్ 1న రాస్కోలోని జంక్షన్ పూల్ దగ్గర, బీవర్‌కిల్, విల్లోవీమాక్ ఏర్లు కలిసే చోట, సీజన్ మొదటి విసురు చూడటానికి వెళ్తాం. ఆ తర్వాత మైన్ రాష్ట్రపు గైడ్ల చరిత్ర మీద సమావేశం ఉంటుంది. 1897లో అక్కడ గైడ్లకు లైసెన్సు పెట్టినప్పుడు మొదటిది అందుకున్నది కార్నీలియా క్రాస్బీ అనే మహిళ. ఆ సమావేశం బాధ్యత మహిళా విభాగం తీసుకుంటోంది. యాత్రకు వచ్చేవారు ఫిబ్రవరి చివరిలోగా పేర్లు ఇవ్వండి. నీళ్లలో దిగే రబ్బరు ప్యాంట్లు అద్దెకు తెస్తాం కాబట్టి పేరు పక్కన బూటు సైజు, ఎత్తు తప్పక రాయండి.

ఇట్లు,
కార్యదర్శి