అట్టముక్క సంగతి

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, ఎంత తిట్టినా పడతాను. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ మోకాలు కాస్త నయం, నా ట్రాన్స్‌ఫర్ ఇంకా తేలలేదు, ఫోటోలు ఈసారి తప్పకుండా పంపిస్తా. అవన్నీ తర్వాత. ముందు సైకిల్ గొడవ వినాలి నువ్వు. నాలుగు రోజులుగా గుండెల్లో పెట్టుకుని తిరుగుతున్నా.

చిన్నదానికి సైకిల్ కోసం మొదట ఒక చిన్న షాపుకి వెళ్ళాం. నాలుగు సైకిళ్ళు పెడితే మనిషి నిలబడే చోటుండదు. షాపు పెద్దాయన పిల్లని గోడకి ఆనించి నిలబెట్టి కాలి పొడవు టేపుతో కొలిచాడు, రెండు సైకిళ్ళు ఎక్కించి చూశాడు, "దీని మీద కాలు నేలకి ఆనట్లేదు, పిల్ల భయపడుతుంది" అని మూడోది వెనక నుంచి బయటికి లాగాడు. చక్రం 20 అంగుళాలు, సీటు ఇంత ఎత్తు అని ఒక అట్టముక్క మీద పెన్సిల్‌తో రాసిచ్చాడు. గంట సేపు రా! ఆఖరికి నేనన్నదేంటంటే, "ఇంట్లో మాట్లాడి వస్తానండీ".

ఆ అట్టముక్క జేబులో పెట్టుకుని తిన్నగా పెద్ద డిస్కౌంట్ స్టోర్‌కి పోయాను.

అక్కడ అదే కంపెనీ, అదే రంగు, ధర బాగా తక్కువ. మోడల్ నంబర్ చివర ఒక అక్షరం తేడా ఉంది, అది నేను చూడలేదు. పెద్ద స్టోర్ల కోసం కొన్ని కంపెనీలు విడిగా మోడళ్ళు చేయిస్తాయట, పైకి ఒకటే, లోపల వాడిన సామాను వేరు. నంబర్ వేరు కాబట్టి ఏది చౌకో పోల్చి చూడటానికే వీలుండదు. పైగా సైకిల్ కోసం వెళ్ళినవాణ్ణి స్టోర్‌లో ఇచ్చే తోపుడు బండి నిండా ఏవేవో తెచ్చుకున్నా. ఆ తోపుడు బండి కథ తెలుసా నీకు? 1937లో అమెరికాలోని ఓక్లహోమాలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే వ్యాపారి తన స్టోర్లలో పెట్టాడు దాన్ని, చేతిలో బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని. గుమ్మం దగ్గర ఒకటి రెండు వస్తువులు నష్టానికైనా అమ్మి లోపలికి లాగుతారు, మిగతావాటి మీద రాబట్టుకుంటారు. అన్నీ తెలిసీ వెళ్ళాను చూడు, అదే బాధ.

మూడో రోజు సాయంత్రం పిల్ల తొక్కుతుంటే ఎడమ పెడల్ ఊడి చేతికొచ్చింది. మోచెయ్యి చీరుకుపోయింది, ఇంకేం కాలేదు, కంగారు పడకు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ చప్పుడు వినిపిస్తోంది.

స్టోర్‌కి తీసుకెళ్తే మర్యాదగానే మాట్లాడారు, అది ఒప్పుకోవాలి. డబ్బు వెనక్కిస్తామన్నారు, లేదా ఇంకో సైకిల్ ఇస్తామన్నారు. "ఎందుకు ఊడింది?" అంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బిగించిన మనిషి ఎవరో కూడా ఎవరికీ తెలీదు. ఇంకోటి తెచ్చుకుంటే అదీ ఆ చేతులే బిగించి ఉంటాయి కదా.

దాంతో సిగ్గు విడిచి పెద్దాయన దగ్గరికే వెళ్ళా. ఆయన పెడల్ చేతిలోకి తీసుకుని ఇరుసు కొన మీద మసి తుడిచి నాకు చూపించాడు. అక్కడ చిన్నగా "ఆర్" అని చెక్కి ఉంది. కుడి పెడల్‌ని ఎడమవైపు ఎక్కించారు! ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుందిరా, ఇన్నేళ్ళు తొక్కి కూడా నాకు తెలీదు. తొక్కే కొద్దీ వదులవకుండా ఉండటానికట ఆ ఏర్పాటు. ఎవరో పానా పెట్టి బలవంతంగా తిప్పేసరికి క్రాంక్, అదే పెడల్ తగిలించే కడ్డీ, దాని లోపలి మర మొత్తం అరిగి, వెండి పొడిలా వేలికి అంటుకుంది. ఎడమ క్రాంక్ మార్చాడు, కుడిదానికి మర మళ్ళీ వేశాడు, బ్రేకు రబ్బరు టైరుకి రాసుకుంటుంటే అదీ సర్దాడు. రైట్ సోదరులు 1892లో అమెరికాలోని డేటన్‌లో పెట్టింది కూడా ఇలాంటి సైకిల్ షాపేగా, 1903లో విమానం ఎగరేసింది ఆ చేతులేగా, ఇంకా... సరే అదో పెద్ద కథ.

ఎక్కడ కొన్నావని ఆయన అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. చిన్నది మాత్రం బ్యాగులోంచి అట్టముక్క తీసి, "తాతా, మీరు రాసిచ్చిన సైజే తెచ్చుకున్నాం" అంది. నేను నేలలోకి చూస్తున్నా. ఆయన ఆ అట్టముక్క తీసుకుని, టేపుతో సీటు ఎత్తు మళ్ళీ కొలిచి, కొంచెం దించి, "సైజు కరెక్టుగానే తెచ్చారమ్మా" అన్నాడు. అంతే.

సబ్బులూ కాగితాలూ ఇకముందూ పెద్ద స్టోర్‌లోనే కొంటానేమో, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ మొదటి రోజు ఆయన మాకిచ్చిన ఆ గంట సేపటికి నేనేమీ కట్టలేదు కదరా. రిపేరు డబ్బులు తీసుకున్నాడు, ఆ గంట మాత్రం బిల్లులో లేదు. బెల్లు, లైటు, తాళం ఆయన దగ్గరే కొన్నా, అయినా మనసు...

పిల్ల తాళంచెవి పట్టుకుని గుమ్మంలో గొడవ చేస్తోంది, చీకటి పడకముందే తిప్పి తీసుకురావాలి. నీ ఇల్లు మారే సంగతి ఏమైందో రాయి.


నీ వాడు