అంపైర్లు, రిఫరీలకూ ‘సుగమ్’ ఫారం వర్తింపజేయాలి

సంపాదకుడు గారికి,

ఆదాయపు పన్ను (ఐటీ) రిటర్నుల సమయం వచ్చిందంటే జిల్లా స్థాయి అంపైర్లకు, రిఫరీలకు టెన్షన్ పట్టుకుంటుంది. మాలో చాలామంది ప్రైవేటు స్కూళ్లలో పీఈటీలు. చేతికొచ్చేది చిన్న జీతం, సెలవు రోజుల్లో మ్యాచ్ ఫీజు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో రూ.12 లక్షల దాకా పన్ను పడదు కాబట్టి మాకు కట్టాల్సింది ఏమీ ఉండదు. చిక్కంతా ఫారంతోనే.

2008 ఆగస్టులో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఇచ్చిన నోటిఫికేషన్‌తో అంపైరింగ్, రిఫరీయింగ్ పాత ఆదాయపు పన్ను చట్టంలోని 194జె సెక్షన్ కిందికి వృత్తిగా వచ్చాయి. ఒకే సంస్థ ఏడాదిలో ఇచ్చే ఫీజు రూ.50 వేలు దాటితే పది శాతం టీడీఎస్ (ఫీజు ఇచ్చేటప్పుడే కోసే పన్ను) పట్టుకుంటారు. దానికి మా అభ్యంతరం లేదు. కానీ డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లకు అదే చట్టంలో 44ఏడీఏ సెక్షన్ అనే వెసులుబాటు ఉంది. వచ్చిన ఫీజులో సగం ఆదాయంగా చూపి, ఖాతా పుస్తకాలు లేకుండానే ఐటీఆర్-4 (సుగమ్) అనే సులువైన ఫారంలో రిటర్ను వేసేయవచ్చు. ఆ జాబితాలో సినిమా నటులున్నారు, ఇంటీరియర్ డెకరేటర్లున్నారు. మేం లేం. టీడీఎస్‌కు వృత్తిదారులమైన వాళ్లం దీనికి ఎందుకు కాకుండా పోయామో అర్థం కాదు.

జీతగాళ్ల ఐటీఆర్-1లో ఈ ఫీజు చూపకూడదు. చూపితే రిటర్ను తప్పంటూ నోటీసు రావచ్చు. మిగిలింది ఐటీఆర్-3. పేజీల కొద్దీ ఉండే ఆ ఫారంలో ఖర్చులు అసలు లెక్కల ప్రకారం రాయాలి. పొద్దున్నే పల్లెవెలుగు ఎక్కి, బస్టాండు నుంచి గ్రౌండుకు ఆటోలో వెళ్లే రిఫరీ దగ్గర ఏ బిల్లులుంటాయి? ఆటోవాళ్లు రసీదు ఇవ్వరు. ఆర్టీసీ మెషిన్ టికెట్ మీద అక్షరాలు రిటర్ను వేసే నాటికి వెలిసిపోతాయి. బూట్లు, విజిల్, యూనిఫాం కొన్న చీటీలు దాచేవారు అరుదు. రూ.60 వేల ఫీజులో కోసిన రూ.6 వేలు వెనక్కి రావాలంటే ఆడిటరుకు అందులో సగం ఇచ్చుకోవాలేమోనని చాలామంది ఆ డబ్బే వదిలేసుకుంటున్నారు.

మేం పన్ను మినహాయింపు అడగడం లేదు. సంక్రాంతి టోర్నమెంట్లలో నగదుగా ఇచ్చే ఫీజు కూడా ఆదాయమే, దాన్నీ చూపాల్సిందే. సులువైన దారి ఉంటే ఎక్కువమంది చూపుతారు కూడా. జాబితాలో కొత్త వృత్తులను చేర్చే అధికారం బోర్డుకే ఉంది, పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి, దాని కింద ఇచ్చే నోటిఫికేషన్లలో అంపైర్లు, రిఫరీలను చేర్చాలని కోరుతున్నాం. మన రాష్ట్రాల ఎంపీలు ఈ విషయాన్ని ఆర్థికశాఖ దృష్టికి తీసుకెళ్లాలి.

— ఒక వాలీబాల్ రిఫరీ, తెనాలి