రెండోసారి సూది గుచ్చినందుకు కృతజ్ఞతలు

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ల్యాబ్ టెక్నీషియన్ గారికి ముందుగా క్షమాపణ. మీ మీద విసుక్కున్నాను.

జ్వరంతో వారం రోజులు మంచం దిగని అమ్మకి ఎడమ పిక్క ఒక్కటే వాచింది. నొప్పి పెద్దగా లేదు. నీరు పట్టిందేమో అనుకున్నాం. డాక్టరమ్మకి మాత్రం కాలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానం. ముందు రోజు చేయించిన పీటీ, ఏపీటీటీ రక్త పరీక్షలు నార్మల్‌గానే వచ్చాయి కదా, ఇంక గడ్డ ఎక్కడిదని డాక్టరమ్మతో వాదించింది కూడా నేనే. ఆవిడ కోప్పడలేదు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో మాత్రమే ఆ పరీక్షలు చెబుతాయట. లోపల ఇప్పటికే గడ్డ ఉందా అన్నది వాటికి తెలియదు. గడ్డలోని ఫైబ్రిన్ పోగుల్ని ఒళ్లు కరిగించుకుంటున్నప్పుడు రాలే ముక్కలు డీ-డైమర్. అది చూద్దామన్నారు.

మీరు నీలం మూత ట్యూబులో రక్తం తీశారు. గీత దాకా నిండలేదని పక్కన పెట్టేసి మళ్లీ సూది తీశారు. "ఇంత చాలదా?" అని నేను గట్టిగానే అన్నాను. "9 వంతుల రక్తానికి ట్యూబులో గడ్డకట్టకుండా ఉంచే సిట్రేట్ 1 వంతు ఉండాలండీ, రక్తం తగ్గితే లెక్క తప్పుతుంది" అన్నారు మీరు, నింపాదిగా.

రిపోర్టులో 1,840. నా ఫోన్‌లో చూస్తే హద్దు 250! కాళ్లు చేతులు ఆడలేదు. అప్పుడూ మీరే కూర్చోబెట్టి చెప్పారు: డీ-డైమర్‌ని రెండు రకాల యూనిట్లలో కొలుస్తారు, ఆ 250 డీడీయూ లెక్క, మీ రిపోర్టు ఎఫ్ఈయూ లెక్క, ఇందులో హద్దు సుమారు 500 అని. యాభై దాటినవాళ్లకి హద్దు కోసం వయసుని 10తో హెచ్చిస్తారని, 62 ఏళ్ల అమ్మకి 620 అని డాక్టరమ్మ అన్నారు. ఎలా చూసినా ఎక్కువే. అయినా గడ్డ ఉందని ఆవిడ తేల్చేయలేదు. జ్వరానికీ అది పెరుగుతుందట. అనుమానం తక్కువగా ఉన్నవాళ్లలో అంకె హద్దులోపే వస్తే గడ్డ లేదని ధైర్యంగా చెప్పొచ్చు గానీ, ఎక్కువ వస్తే స్కాన్ చూడాల్సిందేనన్నారు.

ఆ రాత్రే కాలి సిరలకి డాప్లర్ స్కాన్ తీశారు. ప్రోబ్‌తో నొక్కితే మోకాలి పైన సిర అణగలేదు, అంటే లోపల గడ్డ ఉన్నట్టే. గడ్డ ఊపిరితిత్తుల దాకా పోకముందే రక్తం పలచబరిచే ఇంజెక్షన్ పడింది.

డాక్టరమ్మకీ, అంత రాత్రి వచ్చి స్కాన్ తీసినవారికీ, మీకూ మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు. అమ్మ ఇప్పుడు మాత్రల మీద ఉంది, నడుస్తోంది. చూడ్డానికి వచ్చినవాళ్లకి గడ్డ సంగతి చెప్పదు, "ఆ అబ్బాయి రెండుసార్లు గుచ్చాడు" అనే చెబుతోంది.