వెనక శబ్దం వెనక వినిపించని 5.1 స్పీకర్ల గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ 5.1 గేమింగ్ స్పీకర్ సెట్ గేమ్ కన్సోల్‌తో 5.1గా పనిచేయకపోవడం, కొనే ముందు మీ ప్రతినిధి ఇచ్చిన తప్పు సలహా, డబ్బు వాపసు గురించి.

నమస్కారం.

మూడు నెలల కిందట మీ వెబ్‌సైట్‌లోనే ఈ స్పీకర్ సెట్ కొన్నాను. 5.1 అంటే ముందు మూడు, వెనక రెండు స్పీకర్లకు వేర్వేరుగా శబ్దం, బాస్ కోసం ఇంకొకటి. కొనే ముందు రెండు వారాల పాటు హెడ్‌ఫోన్స్ తీసుకోవాలా, స్పీకర్లు తీసుకోవాలా అని ఒకటే ఆలోచన. మా తమ్ముడికి చిన్నప్పటి నుంచి ఎడమ చెవి వినపడదు. ఆటలో వెనక నుంచి ఎవరో వస్తున్నారని తెలిసేలోపే వాడి పని అయిపోతుంది. వాడు ఆడేటప్పుడు పక్కనే కూర్చుని 'ఎడమ వైపు, ఎడమ వైపు' అని నేను చెబుతుంటాను. అలా నేను చెప్పే అవసరం లేకుండా వాడంతట వాడే ఆడుకోవాలని ఈ కొనుగోలు.

ఇదంతా మీ ప్రతినిధికి మొదటి చాట్‌లోనే రాశాను. ఆ చాట్ నా దగ్గర భద్రంగా ఉంది. హెడ్‌ఫోన్స్ వాడికి ఎందుకు పనికిరావో కూడా వివరంగా చెప్పాను. మళ్లీ ఇక్కడ చెబుతున్నాను, ఎందుకంటే నా ఫిర్యాదుకు మూలం అదే.

హెడ్‌ఫోన్స్‌లో దిక్కు తెలియాలంటే రెండు చెవులూ కావాలి. కుడి పక్క నుంచి వచ్చే చప్పుడు ముందు కుడి చెవిని చేరుతుంది, తర్వాత ఎడమ చెవిని. ఆ తేడా మహా అయితే 0.7 మిల్లీసెకన్లు. తల అడ్డం కాబట్టి అవతలి చెవికి కాస్త తగ్గి వినిపిస్తుంది కూడా. ముందా, వెనకా, పైనా అన్నది చెవి డొప్ప మడతలు శబ్దాన్ని మార్చే తీరును బట్టి మెదడు గ్రహిస్తుంది. ఈ తేడాలన్నిటి లెక్కనే హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు, దాని ప్రకారమే హెడ్‌ఫోన్స్‌లో రెండు చెవులకు రెండు రకాలుగా వినిపిస్తారు. రెండు చెవులూ బాగున్నవారికి అది చక్కగా పనిచేస్తుంది. నేను హెడ్‌సెట్ పెట్టుకుంటే అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తోందో ఇట్టే తెలిసిపోతుంది. మా తమ్ముడికి మాత్రం ఎడమ వైపు వచ్చేదంతా సగం పోయినట్టే. సెట్టింగ్స్‌లో మోనో (రెండు చెవులకూ ఒకే శబ్దం) పెడితే ఏ చప్పుడూ పోదు గానీ దిక్కు పోతుంది.

అదే గదిలో స్పీకర్లయితే ఎడమ వైపు శబ్దం తలను చుట్టి వచ్చి కుడి చెవిని చేరుతుంది, కాస్త మొద్దుగా అయినా సరే. తల కొంచెం అటూ ఇటూ తిప్పితే శబ్దం మారే తీరును బట్టి ఎక్కడి నుంచి వస్తోందో వాడు పోల్చుకుంటాడు. ఇంట్లో వెనక నుంచి పిలిచినా వాడు చేసేది అదే. మామూలు హెడ్‌ఫోన్స్‌లో తల తిప్పితే శబ్దమూ తలతో పాటే తిరుగుతుంది కాబట్టి అక్కడ ఈ దారి లేదు.

దీనికి మీ ప్రతినిధి ఇచ్చిన జవాబు ఇది: 'మేడమ్, మీకు మా 5.1 సెట్టే కరెక్ట్. కన్సోల్‌కి పెట్టుకోగానే వెనక శబ్దం వెనక స్పీకర్లలోనే వస్తుంది.' పెట్టె మీద కన్సోల్ బొమ్మ కూడా ఉంది. ఆ మాట, ఆ బొమ్మ నమ్మి కొన్నాను.

బిగించేటప్పుడు నేనేమీ అశ్రద్ధ చేయలేదు. ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ) సిఫార్సు ప్రకారం ముందు రెండు స్పీకర్లు మధ్య గీతకు 30 డిగ్రీల కోణంలో, వెనక రెండూ 110 డిగ్రీల దగ్గర, అన్నీ కుర్చీకి సమాన దూరంలో టేపు పెట్టి కొలిచి ఉంచాను. తర్వాత ఆటలో ఒక జలపాతం పక్కన పాత్రను నిలబెట్టి కెమెరాను మెల్లగా చుట్టూ తిప్పాను. జలపాతం వెనక్కి వెళ్లినప్పుడు హోరు వెనక స్పీకర్లలో వినిపించి, ముందు తగ్గిపోవాలి. అలా జరగలేదు. ఎడమ, కుడి మాత్రమే మారాయి. జలపాతం ముందున్నా వెనకున్నా నాలుగు మూలల నుంచీ ఒకే హోరు. వెనక స్పీకర్ దగ్గర చెవి పెట్టి విన్నాను, ముందు స్పీకర్‌లో వస్తున్నదే అక్కడా వస్తోంది. మా తమ్ముడు పది నిమిషాలు తల తిప్పి తిప్పి చూసి, 'అక్కా, అన్ని వైపులా ఒకేలా ఉందే' అన్నాడు. వాడికి ఇది మామూలు టీవీ స్పీకర్ కన్నా కష్టమైంది. అది కనీసం ఒక్క చోటి నుంచే మోగేది.

కారణం మీ సెట్ వెనక వైపున ఉంది. దానికి ఆప్టికల్ (కాంతితో శబ్దం పంపే డిజిటల్ కేబుల్), 3.5 ఎంఎం, బ్లూటూత్ తప్ప మరో ఇన్‌పుట్ లేదు. 3.5 ఎంఎం స్టీరియో జాక్‌లో ఎడమ, కుడి అనే రెండు చానెళ్లే వస్తాయి. బ్లూటూత్‌లోనూ అంతే, పైగా ఆటలో తెలిసిపోయేంత ఆలస్యం. ఆప్టికల్‌లో 5.1 రావాలంటే దాన్ని డాల్బీ డిజిటల్ లేదా డీటీఎస్ అనే కుదింపు పద్ధతుల్లో పంపాలి. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5కి గానీ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకు గానీ ఆప్టికల్ అవుట్ లేనే లేదు. మా ఇంట్లో ఉన్నది వాటిలో ఒకటే. కాబట్టి టీవీ మీదుగా రావాలి. మా టీవీ హెచ్‌డీఎంఐలో వచ్చిన దాన్ని ఆప్టికల్‌కి రెండు చానెళ్లుగానే పంపుతుందని దాని మాన్యువల్‌లోనే ఉంది. అలా వచ్చిన స్టీరియోను మీ సెట్ తనంతట తాను అన్ని స్పీకర్లకూ పంచేసి, ముందు ప్యానెల్ మీద '5.1' అని దీపం వెలిగిస్తుంది. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఆ దీపమే. స్టీరియో వస్తున్నప్పుడు స్టీరియో అని చూపించి ఉంటే మొదటి రోజే తెలిసిపోయేది. సెట్‌కు ఒక హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్టో, ఈఆర్కో (టీవీ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే శబ్దం తీసుకునే దారి) ఉంటే ఈ ఉత్తరమే అవసరం లేదు.

కొన్న 6వ రోజున మొదటి ఫిర్యాదు పెట్టాను. స్పీకర్లు జరిపి చూడమన్నారు. జరిపాను. టీవీ సెట్టింగ్ మార్చమన్నారు. మార్చాను. కేబుల్ మార్చమన్నారు. అదీ కొని మార్చాను. ప్రతి జవాబుకూ వారం పది రోజులు పట్టింది. చివరకు మీ సాంకేతిక బృందం 'సెట్‌లో లోపం లేదు, వచ్చిన సిగ్నల్‌నే వినిపిస్తుంది' అని తేల్చేసరికి 30 రోజుల రిటర్న్ గడువు దాటిపోయింది. ఆ గడువు దాటింది మీ జవాబుల కోసం ఎదురుచూడటం వల్లే.

ఆ తర్వాత ఫోన్‌లో మాట్లాడిన ఆయన, 'గేమ్స్‌కి హెడ్‌ఫోన్సే బెస్ట్ మేడమ్, మా 7.1 హెడ్‌సెట్ తీసుకోండి, డిస్కౌంట్ ఇప్పిస్తాను' అన్నారు. మా తమ్ముడి సంగతి ఫిర్యాదు మొదటి పేరాలోనే ఉంది. ఆయన చదవలేదు. చదవమని అడిగితే ఫిర్యాదు మూసేశారు. ఆ 7.1 కూడా రెండు చెవుల కోసం లెక్కగట్టిన వర్చువల్ సరౌండే (చుట్టూ స్పీకర్లున్నట్టు అనిపించే శబ్దం) కదా, వాడికి అదెలా పనికొస్తుందని అడిగే అవకాశం కూడా నాకు ఇవ్వలేదు.

మీ వెబ్‌సైట్‌లో హెడ్‌ఫోన్స్‌నూ స్పీకర్లనూ పోలుస్తూ ఒక పేజీ ఉంది. 'హెడ్‌ఫోన్స్‌లో దిక్కు ఒక భ్రమ, మా స్పీకర్లలో నిజం' అని అందులో రాశారు. ఇది రెండు వైపులా తప్పు. రెండు చెవులూ వినపడేవారికి, గది చిన్నదైతే, గోడల నుంచి ప్రతిధ్వని వస్తుంటే, రాత్రి పూట ఇంట్లో వాళ్లు నిద్రపోతుంటే హెడ్‌ఫోన్సే మేలని నేనే చెబుతాను. మీ స్పీకర్లలో నిజం వినిపించాలంటే ముందు వాటికి 5.1 సిగ్నల్ అందాలి, ఆ మాట పేజీలో ఎక్కడా లేదు. ఎంచుకునేవారికి మొదట తెలియాల్సింది అదే.

నేను అడుగుతున్నది ఇది. సెట్‌ను మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వండి, మీరు చెబితే కొన్న కేబుల్ డబ్బుతో సహా. పెట్టె మీద కన్సోల్ బొమ్మ తీసేయండి, లేదా ఏ ఇన్‌పుట్‌లో 5.1 వస్తుందో, దేనిలో రెండు చానెళ్లే వస్తాయో ఆ బొమ్మ పక్కనే అంతే పెద్ద అక్షరాల్లో రాయండి. ఆ దీపం నిజంగా 5.1 అందినప్పుడే వెలిగేలా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇవ్వండి. పోలిక పేజీని సరిచేసి, ఒక చెవి వినపడని వారు ఏం చూసుకుని కొనాలో అందులో చేర్చండి. అలాంటి వాళ్లు మా ఇంట్లోనే కాదు, బయటా ఉన్నారు.

చాట్ కాపీలు, ఫిర్యాదు నంబర్లు, టీవీ మాన్యువల్‌లోని పేజీ, దీపం వెలుగుతున్న ఫొటో, జలపాతం దగ్గర తీసిన వీడియో జతచేస్తున్నాను. వీడియోను హెడ్‌ఫోన్స్‌తో వినవద్దు. మీ సెట్ వెనక స్పీకర్ ముందు ఫోన్ పెట్టి ఒకసారి, ముందు స్పీకర్ దగ్గర ఒకసారి రికార్డు చేశాను. ఆ రెండిటినీ ఒకదాని తర్వాత ఒకటి వినండి, తేడా ఏమీ ఉండదు.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. ఫోన్ చేయవద్దు.

ఇట్లు,
మీ కస్టమర్